ఉదయం కంప్యూటర్లు ఆన్ కాగానే ఉబుంటు అప్‌డేట్ స్క్రిప్టు లాక్ దగ్గర ఆగిపోతోంది

నల్లగొండలోని ఒక శిక్షణ కేంద్రం ల్యాబులో 18 కంప్యూటర్లున్నాయి, అన్నింటిలోనూ ఉబుంటు 22.04. రాత్రి మెయిన్ స్విచ్ ఆపేస్తారు. ఉదయం 9.30కి ఆన్ చేయగానే క్రాన్‌ (పనులను వాటంతట అవే మొదలుపెట్టే సేవ) లోని రీబూట్ వరుస ద్వారా నా బాష్ స్క్రిప్టు నడుస్తుంది: ముందు ప్యాకేజీల జాబితాను తాజా చేసే ఆప్ట్-గెట్ అప్‌డేట్, తర్వాత జీసీసీ, పైథాన్ ప్యాకేజీల ఇన్‌స్టాల్. ఏడెనిమిది కంప్యూటర్లలో మొదటి ఆదేశం దగ్గరే లిస్ట్స్ లాక్ (ఆ జాబితాను ఒకసారికి ఒకే ప్రోగ్రామ్ మార్చేలా చూసే తాళం) దొరకలేదంటూ 100 ఎర్రర్ కోడ్‌తో ఆగిపోతోంది. అదే స్క్రిప్టును పది గంటలకు నేనే నడిపితే అన్నింటిలోనూ చక్కగా పూర్తవుతుంది.

రాత్రి తప్పిపోయిన ఆప్ట్-డైలీ టైమర్ (రోజూ అప్‌డేట్లను దానంతట అదే తెచ్చేది) బూట్ కాగానే మొదలై లాక్ పట్టుకుంటోందని సిస్టమ్ జర్నల్‌లో కనిపించింది. స్క్రిప్టు మొదట్లో 120 సెకన్ల స్లీప్ పెట్టాను. నెట్ నెమ్మదించిన రోజు అది చాలలేదు. డీపీకేజీ (ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) లాక్ కోసం వేచి ఉండే టైమౌట్‌ను 300 సెకన్లు చేశాను; ఇన్‌స్టాల్ ఓపికగా వేచి ఉంటోంది కానీ అప్‌డేట్ మాత్రం వెంటనే విఫలమవుతోంది. లాక్ ఫైలును తొలగించమనే సలహా వద్దు. ఒక కంప్యూటర్లో ఆ పని చేసి, సగంలో ఆగిన ప్యాకేజీలను సరిచేయడానికి ఒక పూట పోగొట్టుకున్నాను.

భద్రతా అప్‌డేట్లను నిలిపివేయకుండా, ఆ టైమర్ పని ముగిశాకే నా స్క్రిప్టు మొదలయ్యేలా చేయడం ఎలా?