"నీటిలో కణాలు ఉంటాయి" – ఈ 'లో' కరెక్టేనా?

పోస్ట్:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి సైన్స్ నోట్సులో "నీటిలో చాలా చిన్న కణాలు ఉంటాయి, ఆ కణాల మధ్య ఖాళీ ఉంటుంది" అని రాసుంది. ఆ ఖాళీలో ఏముంటుందే అని ఊరికే అడిగితే ఏమాత్రం తడుముకోకుండా "నీళ్ళు" అంది. తప్పు దానిదా వాక్యానిదా అని అప్పట్నుంచీ ఒకటే డౌటు. 'లో' అంటే లోపల అనేగా, మరి నీటిలో కణాలున్నాయి అంటే నీళ్ళు ఒకటి, కణాలు ఇంకొకటి అనే అర్థం రాదా? ఇక్కడ వేరే విభక్తి పడాలా? వ్యాకరణం తెలిసినవాళ్ళూ, ఫిజిక్స్ తెలిసినవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

కామెంట్:
వ్యాకరణం వరకూ తప్పేం లేదండీ. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి అని వల్లె వేసినవే కదా. కాకపోతే ఈ 'లో' రెండు రకాల పనులు చేస్తుంది. "కుండలో నీళ్ళు" అంటే కుండ వేరు నీళ్ళు వేరు, నీళ్ళు పారబోసినా కుండ మిగుల్తుంది. "జట్టులో పదకొండు మంది" అంటే మాత్రం ఆ పదకొండు మందినీ తీసేశాక జట్టు అనేది ఇంకెక్కడుంది? మీ అమ్మాయి కుండ 'లో' అనుకుంది, పాఠం రాసినవాళ్ళు జట్టు 'లో' రాశారు.

కామెంట్:
పైన కుండ, జట్టు అన్న సారుకి దండం. నేను ఫిజిక్స్ చెప్తాను, క్లాసులో నాకు ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురయ్యేది ఇదే. నీళ్ళు అని చెప్పేవాళ్ళు కొందరైతే, "గాలి" అని చెప్పేవాళ్ళు ఇంకా ఎక్కువ, ఆ గాలి కూడా కణాలే కదరా, మరి ఆ గాలి కణాల మధ్య ఏముంది అంటే అప్పుడు బుర్ర గోక్కుంటారు. అసలు జవాబు ఏమీ లేదు అనే. ఖాళీ అంటే నిజంగానే ఖాళీ. పిల్లలకి ఇది మింగుడు పడదు, ఏదో ఒకటి ఉండి తీరాలి అనిపిస్తుంది, అది సహజమే, పెద్ద పెద్ద తత్వవేత్తలే శూన్యం ఉందా లేదా అని శతాబ్దాల తరబడి కొట్టుకున్నారు.

అందుకని నేను 'లో' వదిలేసి "నీళ్ళంటేనే ఆ అణువులు" అని చెప్తాను. 18 గ్రాముల నీళ్ళు తీసుకుంటే అందులో (చూశారా మళ్ళీ 'లో' వచ్చేసింది, తప్పించుకోలేం) 6 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చేన్ని అణువులు, అవన్నీ తీసేస్తే ఆ గ్లాసులో తడి కూడా మిగలదు.

ఇంకోటి, ఖాళీ అనగానే బొమ్మ గుర్తొస్తుంది కదా, ఘనంలో చుక్కలు దగ్గర దగ్గరగా, ద్రవంలో కొంచెం ఎడంగా, వాయువులో బాగా ఎడంగా, మెట్లు మెట్లుగా గీస్తారు. ఆ మధ్య బొమ్మే కొంప ముంచుతుంది. ద్రవంలో అణువులు దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి, కాకపోతే వరస చెదిరిపోయి ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతాయి. నీళ్ళ సంగతైతే ఇంకా విడ్డూరం, ఐసు గడ్డ కరిగితే ఎడం పెరక్కపోగా తగ్గుతుంది, నీళ్ళు గడ్డకట్టినప్పుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అసలు దూకుడంతా ఆవిరయ్యేటప్పుడే. 100 డిగ్రీల దగ్గర నీళ్ళు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు పడుతుంది, అంటే అణువుకీ అణువుకీ మధ్య దూరం ఓ పన్నెండు రెట్లు అయిందన్నమాట. అణువులు మాత్రం అవే, వాటి సైజూ అదే.

కామెంట్:
మన భాషకి ఇవన్నీ ముందే తెలుసండీ. నీళ్ళు బహువచనం, పాలు బహువచనం. "నీళ్ళు ఉన్నాయి" అంటాం గానీ "ఉంది" అనం కదా. అణువుల సంగతి తెలియకుండానే అలా పెట్టారంటారా 😀

దానికి రిప్లై:
మరి నూనె "ఉంది" అంటాం, గాలి "వీస్తోంది" అంటాం, వాటికి అణువులు లేవా సార్? పైగా "నీరు ఉంది" అనీ అంటాం. వ్యాకరణంలోంచి ఫిజిక్స్ పిండకండి దయచేసి.

కామెంట్:
ఫిజిక్స్ మేడం/సార్ ఎవరోగానీ ఒక మాట. "వేడి చేస్తే కణాలు వ్యాకోచిస్తాయి" అని గైడులో చూశా. ఇది విభక్తి తప్పు కాదు కానీ కర్త తప్పు అనిపించింది.

దానికి రిప్లై:
మేడమే అండి 🙂 కర్త తప్పు అని భలే పట్టారు. వ్యాకోచించేది ఇనుప కడ్డీ, ఇనుము పరమాణువు కాదు. మీటరు పొడవు కడ్డీని 100 డిగ్రీలు వేడి చేస్తే మిల్లీమీటరు పైన ఓ పిసరు, 1.2 దాకా సాగుతుంది, అది పరమాణువులు ఉబ్బడం వల్ల కాదు, ఇంకాస్త గట్టిగా ఊగుతూ సగటున ఎడం జరగడం వల్ల. అలాగే "ఐసు కణాలు కరిగాయి", "నీటి కణాలు మరిగాయి" ఇవన్నీ ఈ బాపతే. ఒక్క అణువు కరగదు, మరగదు, తడిగా ఉండదు, దానికి రంగు రుచి అంటగట్టకూడదు. బంగారాన్నే చూడండి, కంటికి ఆననంత సన్నటి నలుసులుగా చేసి నీళ్ళలో కలిపితే పసుపు పోయి ఎర్రగా కనిపిస్తుంది, ఆ నలుసు ఒక్కోదానిలో ఇంకా వేల పరమాణువులు ఉంటాయి, అప్పటికే రంగు మారిపోయింది. ఇక ఒక్క పరమాణువు పచ్చగా ఎలా ఉంటుంది చెప్పండి. కరగడం, మరగడం, సాగడం అనే క్రియలకి కర్తగా పదార్థాన్ని పెట్టాలి. కదలడం, ఊగడం, ఢీకొనడం, విడిపోవడం లాంటి వాటికి కణాన్ని పెట్టొచ్చు. నేను పేపరు దిద్దేటప్పుడు ఇదొక్కటే చూస్తా, స్పెల్లింగులు తర్వాత.

కామెంట్:
కణం అనే మాట మీద కూడా నాకో పేచీ ఉంది. జీవశాస్త్రంలో రక్తకణం, ఇక్కడ నీటి కణం. ఒకే పిల్లాడు, ఒకే రోజు, రెండు పీరియడ్లు.

దానికి రిప్లై:
నిజమే, ఎర్ర రక్తకణం అడ్డంగా 7, 8 మైక్రోమీటర్లు ఉంటుంది, నీటి అణువు దానిలో పాతిక వేల వంతు. ఒక్క రక్తకణంలో ఉన్న నీటి అణువులే లక్ష కోట్లకు పైన. అందుకే నేను వీలున్నచోటల్లా కణం మానేసి అణువు అంటాను. పరమాణువు, అయాను (విద్యుదావేశం ఉన్న కణం) కూడా కలిపి చెప్పాల్సినప్పుడు మాత్రం కణం తప్పదు, ఉప్పులో అణువులుండవు, అయాన్లే.

కామెంట్:
మరి అణువు అంటే పరమాణువుల గుంపు అయినప్పుడు అణుబాంబు ఏంటి మేడం, అక్కడ బద్దలయ్యేది పరమాణువు లోపలి కేంద్రకం కదా?

దానికి రిప్లై:
అది పేపరోళ్ళ అణువు అండి, బడి అణువు కాదు. మన పాతకాలపు తత్వవేత్తలు వైశేషికుల లెక్కలోనూ రెండు పరమాణువులు కలిస్తేనే ద్వ్యణుకం (జంట అణువు), అంటే పరమాణువే చిన్నది, బడి వాడుక ఆ వరసలోనే ఉంది. బాంబు పేరు ఇప్పుడు ఎవరూ మార్చరు గానీ పరీక్షలో మాత్రం కలపొద్దని పిల్లలకి చెప్పండి.

పోస్ట్ పెట్టినవారి రిప్లై:
అందరికీ థాంక్స్. నోట్సులో 'నీటిలో' కొట్టేసి "నీళ్ళు అణువులతో ఏర్పడ్డాయి, మధ్యలో ఏమీ లేదు" అని రాయించా. ఇప్పుడు కొత్త ప్రశ్న వేసింది, మధ్యలో ఏమీ లేకపోతే అవి ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయి అని. మేడం, మీరు ఉన్నారా ఇంకా?