చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నప్పుడు వేపపుల్ల, నూనె పుక్కిలింత సరిపోతాయా?

తంగేడుపువ్వు (నల్గొండ)

మా అత్తగారికి అరవై ఏళ్ళు దాటాయి. కొంతకాలంగా ఆమె పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, నోటి వాసన కూడా పెరిగింది. కింది ముందు పళ్ళ వెనుక గార గట్టిగా పేరుకుపోయి పైకే కనిపిస్తోంది. దంతవైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళి క్లీనింగ్ చేయిద్దామంటే, గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయని ఆమె భయపడుతున్నారు. పేస్టు మానేసి వేపపుల్లతో తోముకుని, రోజూ నువ్వుల నూనె పుక్కిలిస్తే చిగుళ్ళు వాటంతట అవే గట్టిపడతాయని, ఆయుర్వేదం చెప్పేదీ అదేనని ఇంట్లో కొందరు గట్టిగా అంటున్నారు. ఈ మాటలో నిజం ఎంతో రెండు వైద్యాలూ తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను. మాది ఫ్లోరైడ్ నీళ్ళతో బాధపడిన ప్రాంతం కనుక, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడవచ్చా అన్న సందేహం కూడా ఉంది.

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పేస్టులూ బ్రష్షులూ లేని కాలంలో మన పెద్దలు వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి వేరు వాడి, ముసలితనంలో కూడా చెరకుగడ కొరికి తిన్నారు. ఈనాడు ఇన్ని రకాల పేస్టులు వచ్చాక పదేళ్ళ పిల్లలకు పుచ్చు పళ్ళు కనిపిస్తున్నాయి. క్లీనింగ్ చేయించుకున్నాక పళ్ళు జివ్వుమంటున్నాయనీ, సందులు పడ్డాయనీ చెప్పేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, ఇంతమంది అనుభవాన్ని అపోహ అని కొట్టివేయడం న్యాయం కాదు. ఒకసారి గార తీయిస్తే ఆరు నెలలకొకసారి తీయించుకుంటూనే ఉండాలి, దానికయ్యే ఖర్చు పల్లెటూరి కుటుంబాలకు తక్కువేమీ కాదు. ముందు మన పద్ధతిని శ్రద్ధగా పాటించి, తగ్గకపోతేనే ఆస్పత్రికి వెళ్ళడం మంచిది.

కృష్ణాతీరం (దంతవైద్యురాలు, విజయవాడ)

గోదావరిగట్టు గారూ, మీరు చెప్పిన లక్షణాలు నేను రోజూ వినేవే. రోగులు అబద్ధం చెప్పడం లేదు. అయితే వాటి కారణం వేరు.

మనం తిన్న తర్వాత పళ్ళ మీద సూక్ష్మజీవులతో కూడిన మెత్తని జిగురు పొర ఏర్పడుతుంది. దానిని ఏ రోజుకారోజు తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి అది గట్టిపడి గార అవుతుంది. గరుకుగా ఉండే ఆ గార మీద కొత్త పొర మరింత సులభంగా అంటుకుంటుంది, చిగురు వాచి రక్తం వస్తుంది, క్రమంగా చిగురు పంటి నుంచి విడిపోయి మధ్యలో సంచిలాంటి ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి పుల్ల గానీ, బ్రష్షు గానీ, నూనె గానీ చేరలేవు. ఇదే సాగితే పంటిని పట్టుకుని ఉన్న ఎముక కరుగుతుంది, కరిగిన ఎముకలో చాలా భాగం తిరిగి రాదు. అంటే పన్ను కదలడానికి కారణం ఎముక పోవడం. అప్పటికే పట్టు తప్పిన పంటిని చుట్టూ పేరుకున్న గార దిమ్మెలా కట్టి ఉంచుతుంది కాబట్టి, గార తీసిన రోజున ఆ కదలిక మొదటిసారి తెలుస్తుంది. వాపు తగ్గినప్పుడు చిగురు కిందికి దిగి సందులు కనిపిస్తాయి, గార కప్పి ఉంచిన వేరు భాగానికి చల్లదనం తగిలి కొంతకాలం జివ్వుమంటుంది. ఆలస్యం చేసిన కొద్దీ ఈ ఇబ్బందులు పెరుగుతాయి.

పెద్దల పళ్ళ గురించి ఒక్క మాట. చెరకు కొరికిన తాతగారు అందరికీ గుర్తుంటారు. కానీ పళ్ళు ఊడిపోయి, తాంబూలం నమలలేక చిన్న రోట్లో దంచుకుని తిన్న అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా దాదాపు ప్రతి పాత ఇంట్లోనూ ఉండేవారు. పిల్లల పుచ్చు పళ్ళకు ముఖ్య కారణం మాటిమాటికీ తినే చక్కెర.

చరకపాఠి (ఆయుర్వేద వైద్యుడు, తిరుపతి)

ఈ చర్చలో ఆయుర్వేదం పేరు పదేపదే వస్తోంది గనుక, ఆ గ్రంథాలు నిజానికి ఏమంటున్నాయో చూడడం అవసరం. గార తీయించడాన్ని ఆయుర్వేదానికి విరుద్ధమన్నట్లు మాట్లాడడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ మాట ఆయుర్వేదానికే అన్యాయం చేస్తుంది.

సుశ్రుత సంహితలో రోగాల కారణాలు, లక్షణాలు చెప్పే నిదాన స్థానంలో నోటి వ్యాధులకు ఒక అధ్యాయమే ఉంది. అందులో చిగుళ్ళ వ్యాధులను దంతాల వ్యాధుల నుంచి వేరుచేసి, ఒక్కొక్కదానికీ లక్షణాలు చెప్పారు. చిగుళ్ళు మెత్తబడి, నల్లబడి, దుర్వాసనతో అకారణంగా రక్తం స్రవించే స్థితిని శీతాదం అన్నారు. మంట, చీము, పళ్ళ కదలిక చేరిన స్థితిని ఉపకుశం అన్నారు. గట్టిపడి పేరుకున్న గారను దంతశర్కర అనే పేరుతో దంతవ్యాధుల్లోనే చేర్చారు. దానికి చికిత్సా స్థానంలో చెప్పిన ఉపాయం పంటి మూలానికి దెబ్బ తగలకుండా శస్త్రంతో గారను పైకి తీసివేయడమే, తీసిన తరువాతనే లక్క చూర్ణాన్ని తేనెతో కలిపి రుద్దమన్నారు. శీతాదానికి కూడా ముందు చెడిన రక్తాన్ని తీయించి, ఆ తరువాత శొంఠి, ఆవాలు, త్రిఫల, తుంగముస్తలతో కాచిన కషాయాన్ని పుక్కిట పట్టమన్నారు. ఈ వరుసలో మొదటి మెట్టును వదిలి రెండో మెట్టును మాత్రమే పట్టుకుని, దానికి ఆయుర్వేదమని పేరు పెట్టడం సరికాదు.

వేపపుల్ల విషయం ఇంకా స్పష్టంగా ఉంది. పన్నెండు అంగుళాల పొడవు, చిటికెన వేలి లావు ఉన్న పుల్ల వాడాలని, చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర, కారపు చెట్లలో కానుగ శ్రేష్ఠమని సుశ్రుతుడు చెప్పాడు. (ఇక్కడి అంగుళం వేలి వెడల్పు, ఈనాటి కొలబద్ద మీది అంగుళం కాదు.) పుల్ల కొనను నమిలి కుంచెలా మెత్తగా చేసుకుని, రోజుకు రెండుసార్లు, చిగుళ్ళను నొప్పించకుండా వాడాలని చరకుడు సూత్రస్థానం ఐదో అధ్యాయంలో చెప్పాడు. అయితే సుశ్రుతుడు ఆ వెంటనే ఎవరు పందుంపుల్ల వాడకూడదో కూడా జాబితా ఇచ్చాడు. నోటి పూత, గొంతు, నాలుక, పెదవుల వ్యాధులు, దగ్గు, ఆయాసం, వాంతులతో బాధపడేవారు అందులో ఉన్నారు, దంతరోగి కూడా ఉన్నాడు. వాచి రక్తమోడుతున్న చిగుళ్ళ మీద గట్టి పుల్లతో తోమితే చిగురు మరింత చితికి కిందికి జారుతుంది. తంగేడుపువ్వు గారి అత్తగారికి ప్రస్తుతం వేపపుల్ల వద్దని చెప్పడానికి నాకు ఆ గ్రంథమే ఆధారం.

ఇంకొక జాగ్రత్త. చరకుడి పుల్లల జాబితాలో కరవీరం, అర్కం, అంటే గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. గన్నేరులో గుండెను దెబ్బతీసే విషపదార్థాలు ఉన్నాయని ఈనాడు మనకు తెలుసు కాబట్టి, గ్రంథంలో ఉంది కదా అని ఆ కొమ్మ విరుచుకుని నోట్లో పెట్టుకోకూడదు. గ్రంథాన్ని గౌరవించడమంటే తరువాత తెలిసిన విషయాలకు కళ్ళు మూసుకోవడం కాదని నేను నా దగ్గరకు వచ్చే విద్యార్థులకు చెబుతుంటాను.

గోదావరిగట్టు

చరకపాఠి గారూ, దంతశర్కర సంగతి నాకు కొత్త విషయం, చెప్పినందుకు కృతజ్ఞతలు. అయినా నా ప్రశ్న మిగిలే ఉంది. వేప, త్రిఫల కషాయాలు క్లోర్‌హెక్సిడిన్ (సూక్ష్మజీవులను చంపే మందు) మౌత్‌వాష్‌తో దాదాపు సమానంగా పనిచేశాయని మన దేశంలో జరిగిన పరిశోధనలు ఉన్నాయి. నూనె పుక్కిలిస్తే పళ్ళ మీది పొర తగ్గిందని కూడా కొన్ని చెబుతున్నాయి. అరబ్బు దేశాల మిస్వాక్ పుల్లను ప్రపంచ ఆరోగ్య సంస్థే ప్రోత్సహించింది. అలాంటప్పుడు మన పద్ధతులను ఎందుకు వెనక్కి నెట్టాలి?

కృష్ణాతీరం

వెనక్కి నెట్టడం లేదు. మీరు చెప్పిన పరిశోధనలు నిజమే, వాటిని నేనూ గౌరవిస్తాను. కానీ వాటిలో ఎక్కువ భాగం కొద్దిమందిపై, కొద్ది వారాలు జరిగినవి. వాటిలో కొలిచింది పంటి మీది మెత్తని పొరనూ, చిగురు పైభాగపు వాపునూ. చాలావాటిలో పాల్గొన్నవారు తమ బ్రష్షు మానలేదు, కొన్నింటిలో ముందుగానే గార తీయించారు కూడా. గట్టిపడిన గారను కరిగించిన కషాయం గానీ, నూనె గానీ, పోయిన ఎముకను తిరిగి తెచ్చిన మందు గానీ వాటిలో లేదు. క్లోర్‌హెక్సిడిన్‌ను కూడా మేము గారకు మందుగా ఇవ్వము. పైగా ఎక్కువ కాలం వాడితే అది పళ్ళకు గోధుమరంగు మరక పట్టిస్తుంది, నాలుక రుచి మారుస్తుంది. అందుకని క్లీనింగ్ అయ్యాక ఎవరైనా త్రిఫల కషాయం పుక్కిలిస్తామంటే నేను ఆనందంగా ఒప్పుకుంటాను.

నూనె విషయంలో ఒక హెచ్చరిక. మింగడంలో ఇబ్బంది ఉన్న వృద్ధులు, చిన్నపిల్లలు నూనె పుక్కిలించకూడదు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

చరకపాఠి

నూనె గురించి నేను కొంత చేర్చాలి. స్నేహ గండూషం, అంటే నూనెను పుక్కిట పట్టడం వల్ల దవడలకు బలం, పెదవులు పగలకపోవడం, పళ్ళు పులుపుకు జివ్వుమనకపోవడం, పంటి మూలాలు గట్టిగా ఉండడం వంటి ఫలితాలు చరకుడు చెప్పాడు, అందుకు నువ్వుల నూనెను మెచ్చుకున్నాడు. అది ఆరోగ్యవంతుడి దినచర్యలో భాగం. గండూషమంటే నోటినిండా పట్టి కదల్చకుండా ఉంచడం, కవలమంటే నోట్లో తిప్పడం. నోట్లో కఫం నిండేవరకు, లేదా కళ్ళూ ముక్కూ కారేవరకు ఉంచమన్నారే తప్ప గడియారం చూసి ఇరవై నిమిషాలు పుక్కిలించమనలేదు. 1990లలో తెలుగునాట విపరీతంగా ప్రచారమైన ఆయిల్ పుల్లింగ్ సర్వరోగాలనూ పోగొడుతుందన్న మాటకు ఈ గ్రంథాల్లో ఆధారం లేదు.

ఉత్తరాంధ్ర (ఆరోగ్య కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా)

మీరంతా వేప, త్రిఫల గురించి మాట్లాడుతున్నారు, కానీ పల్లెల్లో ‘నాటు పద్ధతి’ పేరుతో నోట్లోకి వెళ్ళేవి వేరే ఉన్నాయి. కచ్చిక బూడిద, బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు రాళ్ళు పంటి పైపొరను అరగదీస్తాయి. పళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయని మురిసిపోయేలోపు లోపలి పసుపు భాగం బయటపడుతుంది. నశ్యంతో, అంటే పొగాకు పొడితో పళ్ళు తోముకునే మహిళలను నేను ఇప్పటికీ చూస్తున్నాను. పంటి నొప్పికి ఉపశమనమని మొదలుపెట్టిన ఆ అలవాటు వ్యసనమై, చివరకు నోటి క్యాన్సరుకు దారితీయవచ్చు. పేస్టుల్లో, పండ్లపొడుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది గానీ ఇంట్లో డబ్బాలో ఉండే నశ్యాన్ని ఏ చట్టం ఆపగలదు? మా వైపు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకునే అడ్డపొగ అలవాటు కూడా ఉంది, దానివల్ల అంగిలిలో క్యాన్సరు వస్తుందని ఎన్నో దశాబ్దాలుగా వైద్యులు చెబుతూనే ఉన్నారు. ఇంకొక సంగతి కూడా గమనించాలి. పొగతాగేవారికి చిగురు లోపల చెడుతున్నా రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి, వారు తమ చిగుళ్ళు బాగున్నాయని పొరబడతారు. ఇలాంటివారిని నాటు పద్ధతే మేలని ఇంట్లో కూర్చోబెట్టకండి.

తంగేడుపువ్వు

అందరికీ ధన్యవాదాలు. ఫ్లోరైడ్ సంగతి ఎవరైనా చెబుతారా? మా తరం వంకర కాళ్ళనూ, మచ్చల పళ్ళనూ చూస్తూ పెరిగింది, ఆ మాట వింటేనే భయం వేస్తుంది.

కృష్ణాతీరం

మీ భయానికి బలమైన కారణం ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో నెల్లూరు జిల్లాలోనే గుర్తించారు, నల్గొండ ప్రజలు అనుభవించినది మనందరికీ తెలుసు. అయితే ఆ వ్యాధి ఏళ్ళ తరబడి తాగిన నీటి ద్వారా ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ వల్ల వచ్చింది. మన ప్రమాణాల ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) మించకూడదు, అంటే బఠాణీ గింజంత, సుమారు పావు గ్రాము పేస్టులో ఉండేది పావు మిల్లీగ్రాము, అందులోనూ చాలా భాగం ఉమ్మివేస్తాము. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిలో ఉన్న నీటిని రోజుకు మూడు లీటర్లు తాగినా 4.5 మిల్లీగ్రాములు లోపలికి వెళుతుంది. కనుక ఉమ్మివేయగల పెద్దలకు ఫ్లోరైడ్ పేస్టు వల్ల కాళ్ళు వంకరపోవు. ఆరేళ్ళలోపు పిల్లలు మింగుతారు, వాళ్ళకు శాశ్వత పళ్ళు లోపల తయారవుతున్న వయసు కూడా అదే కాబట్టి, మీ ప్రాంతంలో వాళ్ళ విషయం మాత్రం నీటి పరీక్ష ఫలితం చూపించి దంతవైద్యుణ్ణి అడిగి నిర్ణయించండి. ఫ్లోరైడ్ పంటి పుచ్చును ఆపుతుంది, చిగుళ్ళ జబ్బుకు అది మందు కాదు. మూలికల పేస్టు కొనేవారు కూడా డబ్బా మీద ఫ్లోరైడ్ ఉందో లేదో చూసి కొనడం మంచిది.

మీ అత్తగారికి షుగరు పరీక్ష చేయించారా? షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు త్వరగా చెడతాయి, చెడిన చిగుళ్ళ వల్ల షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే క్లీనింగ్‌కు ముందే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి, సొంతంగా ఆ మందులు ఆపకూడదు.

గోదావరిగట్టు

గార వైద్యుడి చేత తీయించవలసిందేనని ఒప్పుకుంటున్నాను. కానీ ఖర్చు గురించి నేను అడిగినదానికి జవాబు రాలేదు. అలాగే, ఆరోగ్యంగా ఉన్న చిగుళ్ళకు వేపపుల్ల చాలదని మాత్రం నేను అంగీకరించను.

చరకపాఠి

ఖర్చు ప్రశ్న న్యాయమైనదే. ప్రభుత్వ దంత కళాశాలల్లోనూ, దంత విభాగం ఉన్న ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ గార తీయించుకోవడానికి ప్రైవేటు క్లినిక్కులంత ఖర్చు కాదు. రెండో మాటకు నేనూ సగం మీ పక్షమే. చిగుళ్ళు గట్టిగా ఉన్నవారు లేత పుల్లను బాగా నమిలి, వెనుక దవడ పళ్ళ లోపలి వైపుకు కూడా చేర్చి, నెమ్మదిగా తోముకోగలిగితే నాకు అభ్యంతరం లేదు. అయితే పుల్ల కొనలోని కుంచె దాని పొడవు దిశలోనే ఉంటుంది కాబట్టి ఆ లోపలి వైపుకు చేరడం కష్టం, అందుకే రాత్రి పడుకునే ముందు మెత్తని బ్రష్షుతో ఫ్లోరైడ్ పేస్టు వాడమని నా రోగులకు చెబుతాను.

తంగేడుపువ్వు గారూ, ఈ వారంలోనే షుగరు పరీక్ష చేయించి, దంతవైద్యుడికి చూపించండి. గార తీయించిన తరువాత చిగుళ్ళ పుండు మానేవరకు గోరువెచ్చని త్రిఫల కషాయం రోజుకు రెండుసార్లు పుక్కిలించవచ్చు, ఆ సంగతి ఆ వైద్యుడికి కూడా చెప్పండి. నూనె పుక్కిలింత అప్పటివరకు ఆపండి. పళ్ళు కదులుతాయన్న ఆమె భయం పోవాలంటే, క్లీనింగ్‌కు ముందే ఏ పన్ను ఎంత కదులుతోందో వైద్యుణ్ణి ఆమె ఎదుటే పరీక్షించి చెప్పమనండి.