కనెక్టికట్‌లో మా కుక్కకు పిడుదుల బెడద: లైమ్ వ్యాధికి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. మేము గత నెలలో హైదరాబాదు నుంచి అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి వచ్చాము. నాలుగేళ్ల మా నాటు కుక్క చిట్టిని కూడా వెంట తెచ్చుకున్నాము. ఇంటి వెనుకే అడవి ఉండడంతో పిడుదుల గురించి, లైమ్ వ్యాధి గురించి ఇరుగుపొరుగువారు పదేపదే హెచ్చరిస్తున్నారు. మన ఊళ్లో పిడుదులు పడితే ఏరి పారేసేవాళ్లమే తప్ప ఇంతగా భయపడింది లేదు. అనుభవమున్న పెద్దలు చెప్పగలరని ప్రార్థన.

సమాధానం:
అమ్మా, నమస్కారం. మీ పొరుగువారు చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు. ఈ జబ్బుకు ఆ పేరు మీ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి నుంచే వచ్చింది. 1970ల నడుమ ఆ చుట్టుపక్కల పిల్లలకు మోకాళ్లు వాచిపోతుంటే, తల్లులు ఊరుకోకుండా అధికారుల దృష్టికి తీసుకువెళ్లడం వల్లనే పరిశోధన మొదలైంది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదు కడుపులో ఈ జబ్బును కలిగించే సూక్ష్మజీవిని గుర్తించారు.

మన దేశంలో కుక్కలకు సాధారణంగా పట్టేది గోధుమరంగు పిడుదు. లైమ్ వ్యాధిని మోసుకొచ్చేది వేరే జాతి. దీనిని నల్లకాళ్ల పిడుదు అంటారు, జింక పిడుదు అని కూడా పిలుస్తారు. ఇది ఎగరదు, దూకదు, చెట్టు మీద నుంచి రాలదు. రాలిన ఆకుల తేమలో బతుకుతూ, గడ్డిపరక కొసకు ఎక్కి ముందుకాళ్లు చాచుకొని, రాసుకుంటూ వెళ్లే జంతువు కోసం కాచుకొని ఉంటుంది. మే నుంచి జులై దాకా ఎక్కువగా తిరిగే పిల్ల పిడుదు గసగసం గింజంత ఉంటుంది. శరదృతువులో విరివిగా కనిపించే పెద్దది నువ్వుగింజంత. నల్లని బొచ్చున్న కుక్క మీద గసగసం గింజను కంటితో పట్టుకోవడం సాధ్యం కాదు కనుక చేతివేళ్లనే నమ్ముకోవాలి.

అందుకే బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ చిట్టిని పక్కన కూర్చోబెట్టుకొని, చర్మానికి వేళ్లు ఆనేలా నెమ్మదిగా తడమండి. చెవుల లోపల, వెనుక, మెడపట్టీ కింద, చంకల్లో, గజ్జల్లో, తోక మొదట్లో, కాలివేళ్ల సందుల్లో చూడాలి. సూక్ష్మజీవి పిడుదు కడుపులో ఉంటుంది. పిడుదు రక్తం తాగడం మొదలుపెట్టిన తరువాతే అది లాలాజల గ్రంథులకు చేరి కుక్క ఒంట్లోకి దిగుతుంది. అందుకు సాధారణంగా ఒక రోజుకు పైగా పడుతుంది. రోజూ తడిమి చూసేవారికి ఆ గడువు పెద్ద వరం.

అయితే తడమడం ఒక్కటే చాలదు, మందు తప్పనిసరి. నెలకొకసారి ఇచ్చే అఫాక్సోలేనర్, పన్నెండు వారాలు పనిచేసే ఫ్లురాలేనర్ వంటి మాత్రలున్నాయి. ఈ కోవకు చెందిన మందుల వల్ల కొన్ని కుక్కలకు మూర్ఛ రావచ్చని ఇక్కడ మందులను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది కనుక, చిట్టికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే వైద్యులకు ముందే చెప్పండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ ఉన్న చుక్కల మందు తేవద్దు, అది పిల్లికి ప్రాణాంతకం. లైమ్‌కు కుక్కల టీకా కూడా ఉంది: కొన్ని వారాల తేడాతో రెండు మోతాదులు, ఆపైన ఏటా ఒకటి. మీ ఇంటి వెనుక అడవి ఉందంటున్నారు కాబట్టి వేయించడమే మేలని నా అభిప్రాయం.

మంచు పడగానే మందు ఆపకండి. నేను చేసిన పొరపాటు అదే. నవంబరులో మాత్ర మానేశాను. గడ్డకట్టే చలి కాస్త సడలిన రోజున ఈ పిడుదులు మళ్లీ పైకి వస్తాయని అప్పటికి నాకు తెలియదు. ఏప్రిల్‌లో మా లాబ్రడార్ ఒకనాడు ముందు ఎడమకాలు కుంటింది, రెండు రోజుల తరువాత వెనుక కుడికాలు. బెణికిందనుకొని వారం రోజులు పోగొట్టాను. అన్నం గిన్నె ముందు పెట్టినా లేవలేని స్థితికి వచ్చాక గాని వైద్యులకు చూపలేదు. నెలరోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడాక కోలుకుంది. ఇలా కాలు మార్చి కాలు కుంటడం లైమ్‌లో తరచుగా కనిపించే లక్షణం. మనుషులకు వచ్చే వలయాకారపు దద్దురు కుక్కల్లో కనిపించదు. అరుదుగా మూత్రపిండాలు దెబ్బతింటాయి, అది ప్రాణాల మీదకు వస్తుంది.

మరొక మాట. చిట్టి మన దేశం నుంచి వచ్చిందని వైద్యులకు తప్పక చెప్పండి. అక్కడి గోధుమరంగు పిడుదుల వల్ల ఎర్లీకియా, బబీసియా అనే రక్తకణాలకు పట్టే సూక్ష్మజీవులు సోకి పైకి కనబడకుండా ఉండవచ్చు. ఇక్కడ ఏటా చేసే రక్తపరీక్షలో సాధారణంగా ఎర్లీకియా తేలుతుంది గాని, బబీసియాకు వేరే పరీక్ష అడగాలి.

ప్రశ్న:
ఎంతో వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలండి. ఈ సాయంత్రమే చిట్టి చెవి వెనుక ఒకటి కరుచుకొని కనిపించింది. కిరసనాయిలు రాస్తే దానంతటదే ఊడిపోతుందని అమ్మ ఫోనులో అంటోంది. రాయమంటారా?

సమాధానం:
వద్దమ్మా. కిరసనాయిలు గాని, అగ్గిపుల్ల సెగ గాని, వాజలీన్ గాని వద్దు. వాటితో చిరాకుపెడితే పిడుదు తన ఒంట్లోని ద్రవాన్ని కరిచినచోటే కక్కే ప్రమాదముంది. సన్నని మొన ఉన్న పట్టకారుతో పొట్టను నొక్కకుండా, చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకొని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. నోటి ముక్క లోపల మిగిలిపోతే తవ్వవద్దు, చర్మమే దాన్ని బయటికి తోసేస్తుంది. ఆ చోటును సబ్బునీళ్లతో కడిగి, పిడుదును చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి తేదీ రాసి ఉంచండి. రేపే చిట్టికి రక్తపరీక్ష చేయిస్తే ఏమీ తేలదు, ఆ పరీక్షలో వెతికే ప్రతిరక్షకాలు (రోగాన్ని ఎదుర్కొనడానికి ఒంట్లో తయారయ్యేవి) పుట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. సుమారు ఆరు వారాల తరువాత చేయించండి. పాజిటివ్ వచ్చినంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, సోకిన కుక్కల్లో చాలావాటికి ఏ లక్షణమూ రాదు. పాజిటివ్ వస్తే మూత్రంలో ప్రొటీన్ పోతున్నదేమో కూడా చూడమని అడగండి. రాగల నాలుగైదు నెలలు దాని నడక మీద ఒక కన్ను వేసి ఉంచండి. చిట్టితో పాటు అడవి వైపు వెళ్లినవారు ఈ రాత్రే తమ ఒళ్లు కూడా చూసుకొని, వేసుకున్న బట్టలను తడపకముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి.