మూడో తరగతి బాబు చదివేటప్పుడు తడబడుతున్నాడు

ప్రశ్న (ఒక తల్లి):
మా బాబు ఇంట్లో గలగలా మాట్లాడతాడు గాని, బడిలో పాఠం పైకి చదవమంటే మొదటి అక్షరాన్నే పదేపదే పలుకుతూ ఆగిపోతున్నాడు. సంయుక్తాక్షరాలున్న పదాలను ఊహించి చదువుతున్నాడు. ఇది నత్తా, చదవడంలో ఇబ్బందా?

జవాబు (ప్రాథమిక ఉపాధ్యాయుడు):
అమ్మా, తడబాటు మామూలు మాటల్లో లేకుండా చదివేటప్పుడే, అందులోనూ కొత్త పదాల దగ్గరే వస్తుంటే, లోపం అక్షరాలను గుర్తించడంలో ఉండే అవకాశం ఎక్కువ. 'క్రి'లో గుడి పై అక్షరం మీద కనిపించినా, దాని స్వరం కింది వత్తు తరువాతే పలుకుతుంది. ఈ మెలికను చాలామంది పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పరు. రోజూ పది నిమిషాలు మీరు వేలితో చూపుతూ అతనితో కలిసి చదవండి.

జవాబు (వాక్ చికిత్సకురాలు):
ఉపాధ్యాయుల వారి మాటతో ఏకీభవిస్తున్నాను గాని, ముందు వినికిడి, చూపు పరీక్షలు చేయించడం తప్పనిసరి. పదం మొదలుపెట్టేటప్పుడు ముఖం బిగుసుకుంటున్నా, మాట్లాడటానికే జంకుతున్నా, దానంతటదే పోతుందని ఆగకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా చూస్తారు. అతను తడబడినప్పుడు మీరు పదం అందించకండి, 'నెమ్మదిగా చదువు' అని కూడా అనకండి, పూర్తయ్యేదాకా వినండి.

ప్రశ్న అడిగిన తల్లి:
ధన్యవాదాలండీ. వినికిడి పరీక్షకు ఈ వారమే తీసుకువెళతాను.