14 అంతస్తుల అద్దాలు కడగడానికి పొడవాటి బ్రష్ పోల్ కొనాలా, మనుషులు నిలబడి దిగే వేలాడే ఊయల అద్దెకు తేవాలా?

నమస్కారమండీ. మాది హైదరాబాద్ కొండాపూర్‌లో 14 అంతస్తుల అపార్ట్‌మెంట్. ఈసారి అసోసియేషన్‌లో అద్దాల పని నాకు అప్పజెప్పారు. బయటివైపు కడిగి రెండేళ్లయింది. పక్కన కడుతున్న టవర్ల దుమ్ము ఒక ఎత్తు, బోరు నీళ్ల మరకలు ఒక ఎత్తు. మా హాలు అద్దం మీద చుక్క జారిన చోటల్లా తెల్లటి గీత, గోటితో గీకినా రావట్లేదు.

పోయినసారి వచ్చిన కుర్రాడు ఒక్క తాడు మీదే దిగాడు. ఆ తాడు పిట్టగోడ అంచుకి రాసుకుంటుంటే కింద నిలబడ్డ నాకు కాళ్లు వణికాయి. అలా మళ్లీ చేయించను.

కింది నాలుగు అంతస్తులకి కార్బన్ ఫైబర్ పోల్, డీఅయనైజ్డ్ నీళ్లు (లవణాలు తీసేసినవి) అనుకుంటున్నాను. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) సున్నాకి దగ్గరుంటే తుడవకపోయినా మరక పడదు కదా. కానీ మా బోరు టీడీఎస్ 900 దాటింది. ముందు ఆర్‌ఓ పెట్టకుండా నేరుగా రెజిన్ (లవణాల్ని పట్టేసే గుళికలు) వాడితే ఎన్నాళ్లొస్తుంది? పోల్ 15 మీటర్లు చాచితే ఒక్కరు పట్టుకోగలరా?

పై అంతస్తులకే అసలు టెన్షన్. మోటారు ఊయల మేలా, రెండు తాళ్లు, ఫుల్ బాడీ హార్నెస్‌తో (ఒంటిని పట్టి ఉంచే బెల్టులతో) దిగేవాళ్లు మేలా? మా టెర్రస్ మీద తాళ్లు కట్టే యాంకర్లు (గట్టి కొక్కేలు) లేవు. ఊయలకి వెనక పెట్టే బరువుల్ని స్లాబ్ మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరుతోనే చూపించాలా? లోపలి నుంచే బయటివైపు తుడిచే అయస్కాంతం బ్రష్‌లు డబుల్ గ్లాస్‌కి (రెండు పొరల అద్దానికి) గట్టిగా పట్టుకుంటాయా? జారి పడితే కింద పిల్లలు ఆడుకునే చోటు ఉంది.

మీ అపార్ట్‌మెంట్లలో ఏది వాడారో, ఎంత ఖర్చయిందో చెప్పండి. దసరాలోపు పని మొదలుపెట్టాలి.