ఒమాహాలో ఇల్లు కొనాలా, డల్లాస్ మారిపోవాలా?

కొత్తగూడెం_కుర్రాడు:
అందరికీ నమస్తే. నెబ్రాస్కాలోని ఒమాహా వచ్చి మూడేళ్ళయింది. వెస్ట్ సైడ్‌లో టూ బెడ్రూమ్, రెంట్ 1,420. నాది హెచ్1బీ, మా ఆవిడ హెచ్4, నా ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) ఇంకా అవ్వలేదు కాబట్టి తనకి వర్క్ పర్మిట్ లేదు. పాపకి నాలుగేళ్ళు. ఊరికి పడమటి చివర ఎల్క్‌హార్న్ వైపు కొత్త ఇల్లు 4,10,000 డాలర్లకి చూశాం, ఈలోపు డల్లాస్‌లో ఇంచుమించు ఇదే జీతానికి ఆఫర్ వచ్చింది. లీజు వచ్చే నెలతో అయిపోతుంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

శీను_ఒమాహా:
తమ్ముడూ, కొనెయ్. పన్నెండేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నా. ఆఫీసుకి 18 నిమిషాలు, టోల్ కట్టేది లేదు, కరెంటు ప్రైవేటు కంపెనీలది కాదు, నెబ్రాస్కా మొత్తం పబ్లిక్ పవరే. స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉంది, నిజమే, కానీ పై రేటు 2027కి 3.99 శాతానికి తగ్గేలా చట్టం చేశారు. ఈ రేటుకి డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇలాంటి కొత్త ఇల్లు చూపించమను ఎవరినైనా.

లెక్కల_మాస్టారు:
ఆ ఇల్లు ఎస్ఐడీలో, అదే శానిటరీ అండ్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌లో ఉందా? ముందు అది చెప్పు.

గీత_ఇర్వింగ్:
మేం ఆరేళ్ళు ఒమాహాలో ఉండి 2022లో డల్లాస్ పక్కన ఇర్వింగ్ వచ్చేశాం. ఖర్చు పెరిగింది, నేను దాచను. కానీ శీను గారూ, మీరు చెప్పినవన్నీ ఆఫీసుకెళ్ళే మనిషికి సంబంధించినవే. మీ ఆవిడకి డ్రైవింగ్ వచ్చా కుర్రాడు గారూ? ఎల్క్‌హార్న్‌లో కారు లేకపోతే పాల పాకెట్ కూడా తెచ్చుకోలేరు.

శీను_ఒమాహా:
డాడ్జ్ స్ట్రీట్ మీద ఓర్బిట్ బస్సు 2020 నుంచీ నడుస్తోంది కదండీ.

గీత_ఇర్వింగ్:
అది వెస్ట్‌రోడ్స్ మాల్ దగ్గరే ఆగిపోతుంది. ఎల్క్‌హార్న్ అక్కడికి ఎంత దూరమో మీకు తెలీదా?

లెక్కల_మాస్టారు:
ఎస్ఐడీ సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. ఎస్ఐడీ అంటే, సిటీ బయట కొత్త వెంచర్ వేస్తే రోడ్లకీ డ్రైనేజీకీ బాండ్లు పెట్టి అప్పు తెస్తారు, ఆ అప్పు ఇల్లు కొన్నవాళ్ళ ప్రాపర్టీ ట్యాక్స్‌లోంచి తీరుతుంది, సిటీ ఆ ఏరియాని కలుపుకునేదాకా ఆ అదనపు పన్ను నడుస్తూనే ఉంటుంది. ఇంకోటి. నేను కొత్త ఇల్లు కొన్నప్పుడు మొదటి ఏడాది ఖాళీ స్థలానికే ట్యాక్స్ వేశారు, తక్కువే కదా అనుకున్నా, మరుసటి ఏడాది ఇల్లు కలిపి వేసేసరికి ఎస్క్రో (ట్యాక్స్ కట్టడానికి లోన్ వాళ్ళు నెలనెలా మన దగ్గర తీసుకునే డబ్బు) షార్టేజ్ అని నెలకి 430 డాలర్లు పెంచారు. బిల్డర్ మనిషి గానీ లోన్ ఇచ్చినవాళ్ళు గానీ ఒక్క మాట చెప్పలేదు.

పెన్నా_గట్టు:
ఇన్సూరెన్స్ కూడా అడుగు బ్రో. వడగళ్ళ వల్ల రూఫ్‌కి డిడక్టిబుల్ (మన జేబులోంచి కట్టాల్సిన వాటా) వేరేగా పర్సంటేజ్‌లో పెడుతున్నారు. 2024 ఏప్రిల్ 26న టోర్నడో వచ్చింది ఎల్క్‌హార్న్ మీదకే.

శీను_ఒమాహా:
టెక్సాస్‌లో వడగళ్ళు పడవా? అక్కడ ప్రాపర్టీ ట్యాక్స్ తక్కువా? అన్నీ ఇక్కడే ఉన్నట్టు మాట్లాడతారు. అసలు సంగతి నేను చెప్తా వినండి, డల్లాస్ కావాలనేది ఎప్పుడూ ఆడవాళ్ళే. పట్టుచీరల షాపులు, కిట్టీ పార్టీలు, బర్త్‌డేకి రెండొందల మంది. మగాడు కష్టపడి మిగిల్చిందంతా అక్కడ కరిగిపోతుంది.

గీత_ఇర్వింగ్:
పట్టుచీరలా? మా రెండోవాడు ఫిబ్రవరిలో పుట్టాడు. మా ఆయన ప్రాజెక్టు పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు, ఫ్లైట్ క్యాన్సిల్ అయింది, రాత్రి పదకొండింటికి మంచులో మూడేళ్ళ పిల్లని ఎవరింట్లో వదలాలో తెలీక మూడిళ్ళకి ఫోన్ చేశాను, ఒక్కరే ఎత్తారు, వాళ్ళూ తెలుగువాళ్ళు కాదు. తర్వాత మా అమ్మ వచ్చి ఐదు నెలలుంది. అందులో సగం రోజులు ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుంది, ఎండ కనిపిస్తే తలుపు తీసేది, గాలి తగలగానే వేసేసేది. ఒమాహాలో గుడి ఉంది, ఇండియన్ స్టోర్లు ఉన్నాయి, తీసుకెళ్ళేవాళ్ళు ఉంటే కదా. రావడానికి రెండు చోట్ల ఫ్లైట్ మారింది, ఇంగ్లీష్ రాదు, షికాగోలో గేటు దొరక్క ఏడ్చిందట. డల్లాస్‌కైతే దోహాలోనో దుబాయ్‌లోనో ఒక్కసారి మారితే చాలు. ఇది షాపింగా శీను గారూ?

సోమశిల:
శీనన్నా, ఆడవాళ్ళ మీద ఆ మాట తప్పు.

శీను_ఒమాహా:
తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ నా మాట కూడా వినండి. గ్రీన్‌కార్డ్ క్యూలో నా ప్రయారిటీ డేట్ 2016, ఇంకా క్యూలోనే ఉన్నా. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చేది 60 రోజులే. కొలీగ్ ఒకడు కాలిఫోర్నియాలో లేఆఫ్ అయ్యి, ఇల్లు నష్టానికి అమ్ముకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ నాది ఒకటే లెక్క, ఇల్లు తొందరగా తీర్చెయ్యాలి, విజయవాడలో స్థలం ఉంది, అక్కడ కట్టుకుని వెళ్ళిపోవాలి. ఇది నాలుగు రోజుల మజిలీ మేడమ్. మజిలీలో ఎక్కువ ఖర్చు పెట్టను.

గీత_ఇర్వింగ్:
పన్నెండేళ్ళు నాలుగు రోజులెలా అవుతాయండీ? మీ పిల్లలు పెరిగిందీ, మీ ఆవిడ ముప్ఫైలు దాటిందీ అక్కడే కదా. వెళ్తారో లేదో మీ చేతిలో లేదు, ఆ డేట్ చేతిలో ఉంది. నేను వెళ్ళను అని నిర్ణయించుకున్నాకే డల్లాస్ వచ్చాను. మీరు ఇంకా దారిలో ఉన్నారు. మనిద్దరం ట్యాక్సుల మీద ఎంత కొట్టుకున్నా ఏం లాభం?

శీను_ఒమాహా:
మా నాన్నకి ఒంట్లో బాలేదు. వెళ్ళనని నేనెలా నిర్ణయించుకుంటాను?

సోమశిల:
అన్నా, జాగ్రత్తగా చూసుకో.

లెక్కల_మాస్టారు:
కుర్రాడూ, నువ్వెక్కడున్నావ్? ఇంతకీ ఎస్ఐడీలో ఉందా లేదా?

కొత్తగూడెం_కుర్రాడు:
ఉంది మాస్టారూ, కౌంటీ సైట్‌లో చూశాను. రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. గీత గారు వాళ్ళ అమ్మ గురించి రాసింది మళ్ళీ చదవమంది. ఇల్లూ వద్దు, డల్లాసూ వద్దు, ముందు తనకి డ్రైవింగ్ లైసెన్స్ కావాలంటోంది, మూడేళ్ళ నుంచీ అడుగుతూనే ఉంది, నేను ఈ వీకెండ్ ఆ వీకెండ్ అంటూ వచ్చాను. ఆఫర్‌కి నో చెప్తున్నా. లీజు ఆరు నెలలు పొడిగిస్తున్నాం. శనివారం నుంచి స్కూల్ పార్కింగ్‌లో నేర్పిస్తా.

గీత_ఇర్వింగ్:
అక్టోబర్ లోపల నేర్పించెయ్యండి. మంచులో మొదలెట్టొద్దు.

శీను_ఒమాహా:
ఆరు నెలల లీజైతే నెలకి వంద ఎక్కువ అడుగుతారు తమ్ముడూ, తొమ్మిది నెలలకి మాట్లాడు. నీ భార్యకి పక్క సీట్లో కూర్చునేవాళ్ళు కావాలంటే మా ఆవిడ వస్తుంది, ఆవిడ ఇక్కడే నేర్చుకుంది. నంబర్ మెసేజ్ చేస్తున్నా.