ఐటీ పరిచయ కోర్సు గట్టెక్కాలంటే బైనరీ లెక్కలు చేత్తో చేయాల్సిందేనా?

తొలిసెమిస్టరు:
ఆన్‌లైన్ విశ్వవిద్యాలయంలో ఐటీ పరిచయ కోర్సు చదువుతున్నాను. హార్డ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాలు సాఫీగానే సాగాయి కానీ, నెట్‌వర్కింగ్ వారం వచ్చేసరికి బైనరీ (సున్నా, ఒకట్లతోనే అంకెలు రాసే పద్ధతి), సబ్‌నెట్ (పెద్ద నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడదీయడం) లెక్కల దగ్గర బండి ఆగిపోయింది. పగలు ఉద్యోగం, రాత్రి చదువు. ఉన్న కొద్ది గంటలూ ఈ లెక్కల సాధనకే వెచ్చించాలా, లేక సబ్‌నెట్ క్యాలిక్యులేటర్‌తో పని కానిచ్చి మిగిలిన పాఠాలు పూర్తి చేయాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మూలసూత్రం:
చేత్తోనే చేయండి. ఒక ఉదాహరణ చెబుతాను. 192.168.10.77 అనే చిరునామాకు 255.255.255.192 మాస్క్ (చిరునామాలో నెట్‌వర్క్ భాగం ఎంతవరకో చెప్పే సంఖ్య) ఇచ్చి, అది ఏ నెట్‌వర్క్‌కు చెందుతుందని అడిగితే, కొత్తవారు చాలామంది చివరి సంఖ్య సున్నా అని రాసేస్తారు. 77ను బైనరీలో 01001101 అని, 192ను 11000000 అని ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. మాస్క్‌లో ఒకట్లు ఉన్నచోట మొదటి రెండు బిట్లు (బైనరీ అంకెలు) మాత్రమే నిలుస్తాయి కాబట్టి 01000000, అంటే 64 వస్తుంది. నెట్‌వర్క్ 64, బ్రాడ్‌కాస్ట్ (ఆ నెట్‌వర్క్‌లో అన్ని పరికరాలకూ ఒకేసారి పంపే చిరునామా) 127, పరికరాలకు ఇవ్వదగినవి 65 నుంచి 126 వరకు. కాగితం మీద ఒకసారి ఇలా చూసినవారికి మాస్క్ ఎందుకు ఉందో జీవితంలో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు. క్యాలిక్యులేటర్ 64 అని చెబుతుంది, ఎందుకో చెప్పదు.

రెండోషిఫ్టు:
మూలసూత్రం గారి వివరణ బాగుంది కానీ, అడిగినది సబ్‌నెట్ ఎలా చేయాలని కాదు, ఉన్న సమయాన్ని ఎలా పంచుకోవాలని. తొలిసెమిస్టరు గారూ, ముందుగా సిలబస్ తెరిచి ఏ భాగానికి ఎన్ని మార్కులో చూడండి. పరిచయ కోర్సు అంటేనే అన్నింటినీ తాకుతూ వెళ్లేది. హార్డ్‌వేర్, డేటాబేస్, భద్రత, స్ప్రెడ్‌షీట్ అన్నీ ఉంటాయి. స్ప్రెడ్‌షీట్‌లో పన్ను శాతం ఉన్న గడికి డాలరు గుర్తు పెట్టకుండా సూత్రాన్ని కిందికి లాగితే, ఆ గడి కూడా వరుసగా కిందికి జరిగిపోయి, ఖాళీ గడులతో గుణించి సున్నాలు వస్తాయి. ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేది ఇలాంటి తప్పు. అందరూ బైనరీని పట్టుకుని వేలాడటం నాకు అర్థం కాదు.

గడియారం:
500 గిగాబైట్ల డిస్క్ కొంటే విండోస్ దాదాపు 465 అని ఎందుకు చూపిస్తుందో కూడా బైనరీ తెలిస్తేనే అర్థమవుతుంది. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో, అంటే పది రెండ్లను గుణిస్తే వచ్చే సంఖ్యతో లెక్కిస్తుంది.

మూలసూత్రం:
మార్కుల లెక్క చూసి చదవమనడం తొలి కోర్సులో ఇవ్వకూడని సలహా. తర్వాత వచ్చే నెట్‌వర్కింగ్ కోర్సు దీని మీదే నిలబడుతుంది. ఇంకొక మాట: వీడియో మళ్లీ మళ్లీ చూడటం చదువు కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో పాఠాన్ని మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారు ముందున్నారు. చేత్తో లెక్క చేయడమంటే అదే. క్యాలిక్యులేటర్ వాడమని చెప్పేవారు విద్యార్థికి మేలు చేయడం లేదు.

రెండోషిఫ్టు:
క్యాలిక్యులేటర్ వాడమని నేను ఎక్కడా అనలేదు, దయచేసి పైన మళ్లీ చదవండి. మీరు చెప్పిన సాధన అంతా నేను చేశాను. నా కోర్సులో క్విజ్‌లు యంత్రమే దిద్దేది. ఒక సబ్‌నెట్ ప్రశ్నకు సరైన జవాబే రాసినా, చివర ఒక ఖాళీ అక్షరం పడినందుకు తప్పుగా లెక్కించింది. ట్యూటరుకు రాస్తే, గడువు ముగిసిన చాలా రోజులకు, 'పాఠం మరోసారి చూడండి' అన్న ఒక్క వాక్యం వచ్చింది. పగలంతా పని చేసి రాత్రి నిద్ర మానుకుని చదివేవారికి మీరు 'ఇంకా సాధన చేయండి' అని చెప్పడం వింటే కోపం రాక ఏమవుతుంది?

మూలసూత్రం:
మీ మార్కు పోయినందుకు విచారిస్తున్నాను. కానీ యంత్రం తప్పు దిద్దినంత మాత్రాన నేర్చుకోవలసిన విషయం మారదు. ఆన్‌లైన్ చదువును ఎంచుకున్నామంటే మన గురువు మనమే. ఎవరో వచ్చి మన కాగితం చూస్తారని ఎదురుచూసేవారు మొదటి సెమిస్టరులోనే వెనకబడతారు.

రెండోషిఫ్టు:
అసలు పేచీ ఇదే, బైనరీ కాదు. మన గురువు మనమే అయితే విశ్వవిద్యాలయం ఫీజు తీసుకుంటున్నది దేనికి? వీడియోలు, ఉచిత పాఠాలు బయట కొల్లలుగా ఉన్నాయి. నేను చెల్లించినది నా తప్పును చూసి, 'నువ్వు ఇక్కడ రెండో బిట్ వదిలేశావు' అని చెప్పే మనిషి కోసం. ఆ మనిషి లేకపోతే విద్యార్థి ఒకే తప్పును పదిసార్లు శ్రద్ధగా సాధన చేస్తాడు. మీరు మొదటి సమాధానంలో 64 ఎలా వచ్చిందో విడమరచి చూపారు చూడండి, అలాంటి వివరణ నా కోర్సులో ఒక్కసారీ దొరకలేదు.

నీలిసిరా:
ట్యూటరుకు 'అర్థం కాలేదు' అని రాస్తే పాఠం చూడమనే జవాబు వస్తుంది. చేసిన లెక్కను మెట్టుమెట్టుగా ఫోటో తీసి, 'ఈ మూడో మెట్టు వరకు సరేనా' అని అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. అది కూడా గడువుకు ముందే.

మూలసూత్రం:
నీలిసిరా గారితో ఏకీభవిస్తాను. కానీ మెట్లు చూపాలంటే ముందు చేత్తో చేసి ఉండాలి కదా. విశ్వవిద్యాలయం ఆ మనిషిని ఇవ్వాలన్నది న్యాయమైన కోరికే; ఇచ్చేదాకా ఆగితే మాత్రం ఈ సెమిస్టరు ఆగదు.

రెండోషిఫ్టు:
ఆగమని నేను అనడం లేదు. అడగడం మానవద్దు అంటున్నాను. మీలాంటివారు అడగడాన్నే చేతకానితనంగా చూస్తున్నంత కాలం కొత్తవారు నోరు విప్పరు.

తొలిసెమిస్టరు:
సిలబస్ చూశాను. నెట్‌వర్కింగ్‌కు పదిహేను శాతం, ప్రాజెక్టుకు ముప్ఫై శాతం మార్కులు ఉన్నాయి. 10.0.5.200కు 255.255.255.224 మాస్క్‌తో చేత్తో లెక్క చేస్తే నెట్‌వర్క్ చివరి సంఖ్య 192 వచ్చింది. ఇది సరేనా?

మూలసూత్రం:
సరే. ఇప్పుడు బ్రాడ్‌కాస్ట్ ఎంతో చెప్పండి.